రెండు నీలి ఆకుపచ్చల్లో ఒకదాన్ని గదికి ఎంచుకోవడం ఎలా

గదికి నీలి ఆకుపచ్చ వేయాలని నిర్ణయించుకున్న తర్వాతే అసలు చిక్కు మొదలవుతుంది. షేడ్ కార్డులో ఏరి పక్కన పెట్టుకున్న రెండు ముక్కలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకటి కాస్త నీలం వైపు, రెండోది కాస్త ఆకుపచ్చ వైపు మొగ్గినట్టు కనిపిస్తాయి. ఇంట్లో అందరూ ఆ మొగ్గు గురించే వాదించుకుంటారు. నా దృష్టిలో ఆ వాదన అన్నిటికన్నా చివర జరగవలసినది. గోడలు ఎండి, సామాన్లు తిరిగి సర్దుకున్నాక మీరు ఏళ్ల తరబడి గమనించేది ముందుగా ఆ రంగు ఎంత లేతగా లేదా ముదురుగా ఉందన్నది, ఆ తర్వాత ఎంత బూడిదబారి ఉందన్నది. నీలమా, ఆకుపచ్చా అన్నది మూడో స్థానంలో వస్తుంది. పైగా ఈ శ్రేణిలో ఆ మూడోది వెలుతురును బట్టి పూటపూటకూ మారిపోతూ ఉంటుంది. అందువల్ల ఈ మూడింటినీ విడదీసి, ఈ వరుసలోనే చూడడం నేర్చుకుంటే ఎంపిక చాలా వరకు సులువవుతుంది.

ముందుగా కాగితం మీద పోల్చండి

రంగుకు పెట్టిన పేరును పక్కన పెట్టి, దాని కోడ్ రాసుకోండి. సముద్రమనీ, నెమలికంఠమనీ, సరస్సనీ పెట్టే పేర్లు అమ్మకానికి పనికివస్తాయే తప్ప పోల్చడానికి పనికిరావు. కోడ్ పక్కన ఆ షేడు ఎల్‌ఆర్‌వీ అంకెను రాయండి. గోడ మీద పడిన వెలుతురులో ఎంత భాగం తిరిగి గదిలోకి వస్తుందో చెప్పే అంకె ఇది. పూర్తి నలుపుకు 0, పూర్తి తెలుపుకు 100 అన్న కొలత మీద దీన్ని ఇస్తారు. చాలా కంపెనీలు దీన్ని షేడ్ కార్డు వెనుకగానీ తమ వెబ్‌సైటులో ఆ రంగు వివరాల కిందగానీ ఇస్తాయి. 60 దగ్గర ఉన్న నీలి ఆకుపచ్చ లేత రంగు, గదిని తేలికగా ఉంచుతుంది. 15 దగ్గర ఉన్నది ముదురు రంగు. అది పడిన వెలుతురులో ఎక్కువ భాగాన్ని మింగేస్తుంది కాబట్టి రాత్రిపూట అదే గదికి మరిన్ని దీపాలు కావలసి వస్తాయి. మీ రెండు రంగుల మధ్య తేడా రెండు మూడు అంకెలే అయితే వెలుతురు విషయంలో అవి సమానమనుకోవచ్చు. పది అంకెలు దాటిందంటే మీరు పోలుస్తున్నవి ఒకే కోవకు చెందిన రెండు రంగులు కావు, రెండు వేర్వేరు గదులు. అప్పుడు నీలం–ఆకుపచ్చ చర్చకన్నా ముందు, గది వెలుతురుగా ఉండాలా, ముదురుగా చుట్టుకున్నట్టు ఉండాలా అన్నది తేల్చుకోవాలి.

ఈ మూడు కొలతలూ నేను కల్పించినవి కావు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఆల్బర్ట్ మన్సెల్ అనే అమెరికన్ చిత్రకళా ఉపాధ్యాయుడు ప్రతి రంగునూ దాని వర్ణం, దాని లేత–ముదురు స్థాయి, దాని గాఢత అన్న మూడు గుణాలతో గుర్తించే పద్ధతిని రూపొందించాడు. ఆ పద్ధతిలోని పది ప్రధాన వర్ణాల్లో నీలి ఆకుపచ్చకు సొంత స్థానం ఉంది. అంటే అది నీలానికీ ఆకుపచ్చకూ మధ్య ఎటూ తేలక మిగిలిపోయిన రంగు కాదు. తనకంటూ ఒక మధ్యబిందువు, ఆ బిందువుకు అటూ ఇటూ కొంత పరిధి ఉన్న వర్ణం. మీ రెండు షేడ్లు ఆ పరిధిలో ఎక్కడెక్కడ ఉన్నాయో తెలుసుకోవడమే మిగిలిన పని.

నమూనా పలకలు తయారు చేసుకోండి

అగ్గిపెట్టెంత కార్డు ముక్కను చూసి గది రంగు నిర్ణయించకూడదు. గోడ మీద నేరుగా రెండు పట్టీలు వేసి చూడడం కూడా నాకు నచ్చని పద్ధతే, ఎందుకంటే పాత గోడ రంగు ఆ పట్టీల చుట్టూ ఉండి కంటిని తప్పుదారి పట్టిస్తుంది. పైగా పట్టీని ఒక గోడ నుంచి మరో గోడకు జరపలేరు. దానికి బదులు దళసరి అట్టలుగానీ పలుచని ప్లైవుడ్ ముక్కలుగానీ తీసుకోండి. ఒక్కొక్కటి రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉంటే బాగుంటుంది. ఒక్కో రంగుకు రెండు పలకలు కావాలి. రెండెందుకో ముందుకు వెళ్లాక తెలుస్తుంది.

పలకకు ముందుగా తెల్ల ప్రైమర్ వేసి ఆరనివ్వండి. తర్వాత అంచుల చుట్టూ రెండంగుళాల మేర తెలుపు వదిలేసి, లోపలి భాగానికి గోడకు వాడబోయే రకం చిన్న రోలర్‌తో రంగు వేయండి. బ్రష్షు గీతలు వెలుతురును మరోలా పట్టుకుంటాయి కాబట్టి గోడకు రోలర్ వాడేటట్లయితే పలకకూ రోలరే వాడాలి. మొదటి కోటు పూర్తిగా ఆరాక రెండో కోటు వేయండి. మొదటి కోటు మీదనే తీర్పు చెప్పేవారు ఎక్కువ, కానీ ఆ దశలో కింది తెలుపు ఇంకా పైకి కనిపిస్తూ రంగును అసలుకన్నా లేతగా చూపిస్తుంది. తడి మీద ఉన్నప్పుడు కూడా తీర్పు వద్దు. నీటి ఆధారిత ఎమల్షన్‌లోని జిగురు పదార్థం తడిగా ఉన్నంతసేపూ పాలలా తెల్లగా ఉంటుంది, ఆరిన తర్వాతే పారదర్శకమవుతుంది; అందుకే రంగు ఎండేకొద్దీ కాస్త ముదురుతుంది. రోలర్ తీసిన వెంటనే లేత సముద్రపు ఛాయలో మెరిసిన పలక మర్నాటికి ఒక మెట్టు దిగి, నిండుగా కనిపించడం మామూలే.

మెరుపు స్థాయి విషయంలోనూ రెండు పలకలూ ఒకేలా ఉండాలి. ఒకటి మెరుపు లేని మాట్, మరొకటి కాస్త మెరిసే సాటిన్ అయితే మీరు పోలుస్తున్నది రంగును కాదు. మాట్ ఉపరితలం వెలుతురును అన్ని వైపులకూ చెదరగొట్టి రంగును కాస్త పాలిపోయినట్టు చూపిస్తుంది. మెరుపున్నది ఒక కోణం నుంచి గాఢంగానూ, మరో కోణం నుంచి కిటికీని ప్రతిబింబిస్తూ తెల్లటి మచ్చగానూ కనిపిస్తుంది.

లేత–ముదురు, బూడిద, మొగ్గు: ఈ వరుసలో చూడండి

పలకలు బాగా ఎండాక వాటిని గోడకు ఆనించి, నిలువుగా, పక్కపక్కన నిలబెట్టండి. బల్ల మీద పడుకోబెట్టి చూడవద్దు. పడుకున్న పలక మీద పైనుంచి పడే వెలుతురు, నిలువు గోడ మీద పక్కనుంచి పడే వెలుతురు ఒకటి కావు. ఎనిమిది పది అడుగుల దూరం జరిగి, కళ్లు సగం మూసి చూడండి. అలా చూసినప్పుడు వర్ణం పలచబడి వెలుతురు తేడా ముందుకు వస్తుంది. ఏది ముదురుగా ఉందో వెంటనే తెలుస్తుంది. అనుమానం ఉంటే రెండు పలకలూ ఒకే ఫ్రేములో వచ్చేలా ఫోనుతో ఫొటో తీసి, దాన్ని నలుపు–తెలుపులోకి మార్చి చూడండి. రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోతే వాటి వెలుతురు స్థాయి దాదాపు సమానం.

ఫోను ఉపయోగం అక్కడితో సరి. అసలు రంగును తేల్చడానికి ఫోను మీద ఆధారపడవద్దు. కెమెరా తనంతట తానే తెలుపును సరిచేసుకుంటూ ప్రతి ఫొటోలోనూ మొగ్గును మార్చేస్తుంది. పైగా సాధారణ తెరలు వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల పరిధిలో గాఢమైన నీలి ఆకుపచ్చలు కొన్ని అసలు ఇమడవు. తెర మీద ఒకేలా కనిపించిన రెండు షేడ్లు గోడ మీద వేరుగా ఉన్నాయంటే దానికి ఇది ఒక కారణం.

తర్వాత బూడిద సంగతి. ఈ వర్ణంలో ఎక్కువమంది ఎంచుకునేవి స్వచ్ఛమైన నీలి ఆకుపచ్చలు కావు; వాటిలో నలుపో, కావి రంగో, పసుపు ఆక్సైడో కొంత కలిసి ఉంటుంది. ఆ కలిసినదే రంగును నెమ్మదింపజేస్తుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక తెల్ల కాగితం, ఒక మామూలు బూడిదరంగు అట్ట తెచ్చుకుని ఒక్కో పలక మీద రెంటినీ ఆనించి చూడండి. తెలుపు పక్కన రంగు శుభ్రంగా కనిపించి, బూడిద అట్ట పక్కన కూడా తన వర్ణాన్ని గట్టిగా చాటుకుంటే అది గాఢత ఎక్కువున్నది. బూడిద అట్టతో దాదాపు స్నేహం కుదిరిపోయినట్టు కనిపిస్తే అది నెమ్మదైనది. రెండు రంగుల మధ్య ఎటూ తేలని స్థితిలో నేను దాదాపు ఎప్పుడూ నెమ్మదైనదాని వైపే ఉంటాను. దానికి గట్టి కారణమే ఉంది.

ఆ కారణం గది మూలలో కనిపిస్తుంది. ఒకే రంగు వేసిన రెండు పలకలను తీసుకుని, తెరిచి నిలబెట్టిన పుస్తకంలా, రంగు వేసిన వైపులు ఎదురెదురుగా వచ్చేట్టు లంబకోణంలో నిలబెట్టండి. రెండు పలకలూ కలిసే లోపలి మూలను దగ్గరగా చూడండి. అంచుల దగ్గర ఉన్నదానికన్నా అక్కడ రంగు చిక్కగా, గాఢంగా కనిపిస్తుంది. ఒక పలక మీద పడి నీలి ఆకుపచ్చగా మారిన వెలుతురు రెండో పలక మీద పడి, మరోసారి అదే రంగులో వడకట్టబడడమే దీనికి కారణం. నాలుగు గోడలకూ రంగు వేసిన గదిలో జరిగేది ఇదే, ఇంకా పెద్ద ఎత్తున. కార్డు మీద హుందాగా ఉన్న షేడు గదంతా పరుచుకున్నాక అరిచినట్టు కనిపించడం వెనుక ఉన్న రహస్యం ఈ పరస్పర ప్రతిఫలనమే. రెండు రంగులకూ ఈ మూల పరీక్ష చేసి, మూలలో కనిపించిన రంగునే మీ గది అసలు రంగుగా భావించండి.

మొగ్గును చివర చూడండి. పలకలను విడివిడిగా చూస్తే రెండూ నీలి ఆకుపచ్చలే. అంచులు తగిలేలా ఆనించినప్పుడు మాత్రం ఒకటి నీలంగా, మరొకటి ఆకుపచ్చగా విడిపోతుంది. ఇది నిజమైన తేడాను పెంచి చూపడమని గుర్తుంచుకోండి. గదిలో చివరికి ఉండేది ఒకే రంగు. దానికి పక్కన ఆనించి పోల్చేందుకు రెండోది ఉండదు. కాబట్టి ఆనించి చూశాక ఒకదాన్ని బయటికి తీసుకెళ్లి, రెండోదానితో కొంతసేపు ఒంటరిగా గడపండి, తర్వాత అటుదిటు మార్చండి. ఒకే రంగును నిమిషాల తరబడి చూస్తే కన్ను దానికి అలవాటుపడి దాన్ని పలచన చేస్తుంది కాబట్టి మధ్యమధ్యలో చూపును బూడిద అట్ట మీదికో, కిటికీ బయటికో మళ్లించాలి.

గది వెలుతురు కింద, పూటపూటా

అన్ని రంగుల్లోకీ ఈ శ్రేణి వెలుతురుకు ఎక్కువగా లొంగుతుందని చెప్పవచ్చు. నీలం, ఆకుపచ్చ కిరణాల పాళ్లలో చిన్న మార్పు వచ్చినా గోడ పేరే మారిపోతుంది. దీపపు వెలుతురు ఛాయను కెల్విన్‌లలో చెబుతారు; అంకె పెరిగేకొద్దీ ఛాయ పసుపు నుంచి నీలం వైపు వెళుతుంది. పసుపు ఛాయ ఉన్న 2,700 కెల్విన్ బల్బు వెలుతురులో నీలం పాలు తక్కువ. దాని కింద రెండు షేడ్లూ ఆకుపచ్చ వైపుకు జరిగి, కాస్త మసకబారతాయి. 6,500 కెల్విన్ తెల్ల దీపం కింద అవే నీలం వైపుకు జరుగుతాయి. 4,000 కెల్విన్ దీపం ఈ రెంటికీ మధ్య ఉంటుంది. షాపుల్లో ఎక్కువగా ఉండేది చల్లని తెల్ల వెలుతురే కనుక, అక్కడ నచ్చిన నీలం ఇంట్లో రాత్రికి ఆకుపచ్చగా తేలడం ఎవరికైనా ఎదురయ్యే సంగతే.

దీపం అట్టపెట్టె మీద సీఆర్‌ఐ అని మరో అంకె కూడా ఉంటుంది. రంగులను దీపం ఎంత నమ్మకంగా చూపుతుందో చెప్పే అంకె అది, గరిష్ఠం 100. మామూలు ఎల్‌ఈడీలు 80 దగ్గర ఉంటాయి. 90 దాటినవి దొరికితే ఈ గదికి అవే పెట్టండి. దీపాలు మార్చే ఆలోచన ఉంటే రంగు ఎంచుకునే ముందే మార్చాలి, తర్వాత కాదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. వేర్వేరు వర్ణకాలతో, అంటే రంగునిచ్చే పొడి పదార్థాలతో, చేసిన రెండు రంగులు ఒక వెలుతురులో అచ్చంగా కలిసిపోయి, మరో వెలుతురులో విడిపోవచ్చు. దీన్ని మెటామెరిజం అంటారు. నేటి నీలి ఆకుపచ్చ పెయింట్లలో చాలావాటికి ప్రాణం థాలోసయనిన్ అనే కృత్రిమ రసాయన కుటుంబానికి చెందిన నీలం, ఆకుపచ్చ వర్ణకాలే. వాటిలో రాగి ఉన్న నీలం 1935లో మార్కెట్లోకి వచ్చింది. అవి బహు శక్తిమంతమైన వర్ణకాలు, డబ్బాలో కొద్ది చుక్కలు ఎక్కువైనా రంగు కదిలిపోతుంది. ఒక కంపెనీ షేడును మరో కంపెనీ పెయింటులో కలిపించుకుంటే వర్ణకాల కలగలుపు మారుతుంది, మధ్యాహ్నం కుదిరిన పోలిక రాత్రికి కుదరకపోవచ్చు. నచ్చిన షేడు ఏ కంపెనీదైతే ఆ కంపెనీదే వాడడం మేలు.

పలకలను ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, దీపాలు వెలిగాక చూడండి. ఒక్కో పూట కిటికీకి ఎదురు గోడ దగ్గర, కిటికీ ఉన్న గోడ దగ్గర, చీకటి మూలలో నిలబెట్టి చూడండి. కిటికీ బయట దట్టమైన చెట్లుంటే వాటి ఆకుపచ్చ లోపలికి వస్తుంది. నేరుగా ఎండపడక ఆకాశం మాత్రమే కనిపించే కిటికీ నుంచి నీలిఛాయ వెలుతురు వస్తుంది. ఇలా కిటికీ ఇప్పటికే ఒక వైపు లాగుతుంటే, రెండో వైపు మొగ్గిన షేడును ఎంచుకుంటే అది మధ్యకు వచ్చి నిలుస్తుంది.

సంధ్యవేళ జరిగే ఒక వింతను కూడా లెక్కలోకి తీసుకోవాలి. వెలుతురు తగ్గేకొద్దీ మన కన్ను ఎరుపు, నారింజలను ముందుగా వదిలేసి, నీలి ఆకుపచ్చ కిరణాలను ఎక్కువగా పట్టుకుంటుంది. పట్టపగలు కంటి గ్రహణశక్తి 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చ దగ్గర, శిఖరాన ఉంటుంది. మసక చీకట్లో ఆ శిఖరం 507 నానోమీటర్ల దగ్గరికి, అంటే ఇంచుమించు మన రంగు పొలిమేరకు జరుగుతుంది. చెక్ శరీరధర్మ శాస్త్రవేత్త పుర్కిన్యె 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో గుర్తించిన ఈ మార్పు ఆయన పేరుతోనే స్థిరపడింది. గదిలో దీని ఫలితం ఏమంటే, దీపం వేయని సాయంత్రాల్లో ఎర్రటి చెక్క సామాను నల్లబడుతుంటే, నీలి ఆకుపచ్చ గోడ మాత్రం వెలుగు తగ్గనట్టు నిలబడుతుంది. గాఢత ఎక్కువున్న షేడుకు ఆ సమయంలో వచ్చే అందం వేరు. ఆ వేళ మీరు గదిలో ఉండేవారైతే నెమ్మదైనదాని వైపు నేను చెప్పిన మొగ్గును పక్కన పెట్టవచ్చు.

గదిలో మారని వస్తువుల పక్కన పెట్టండి

గచ్చు, తలుపులు, పెద్ద సోఫా, పైకప్పు తెలుపు వంటివి రంగు కోసం మార్చరు కాబట్టి తీర్పు వాటిదే. పలకను వాటికి ఆనించి చూడండి. 19వ శతాబ్దంలో పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకపు విభాగాన్ని చూసిన రసాయనవేత్త షెవ్రల్ దగ్గరికి నల్ల నూలు సరిగా అద్దలేదన్న ఫిర్యాదు వచ్చింది. పరిశీలిస్తే లోపం అద్దకంలో లేదని, నలుపు పక్కన నేసిన రంగులే దాన్ని వెలవెలబోయేలా చేస్తున్నాయని తేలింది. పక్కపక్క రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో ఆయన 1839లో విస్తారంగా ప్రకటించాడు. మన విషయంలో ఆ నియమం ఇలా పనిచేస్తుంది: నీలి ఆకుపచ్చకు ఎదురుగా నిలిచేది ఎరుపు కలిసిన నారింజ. నారింజఛాయ చెక్క, ఎర్రమట్టి పలకల గచ్చు, ఇటుక గోడ వంటివి పక్కన ఉంటే రెండు షేడ్లూ ఉన్నదానికన్నా గాఢంగా కనిపిస్తాయి. అలాంటి గదిలో నెమ్మదైన షేడు చాలు. బూడిద రాయి, తెల్ల సామాను ఉన్న గదిలో అదే షేడు నీరసపడి బూడిదలో కలిసిపోవచ్చు, అక్కడ రెండోది నయం.

తెలుపులో కూడా తేడాలుంటాయి. పసుపుఛాయ తెలుపు పక్కన నీలం మొగ్గు పైకి వస్తుంది. పలకల చుట్టూ వదిలిన ప్రైమర్ తెలుపు మీ పైకప్పు తెలుపు కాదు కనుక, పైకప్పుకు వాడబోయే రంగును ఒక అట్ట మీద వేసి దాన్ని కూడా ఆనించి చూడండి.

ఎవరి కళ్లతో చూస్తున్నారో గుర్తుంచుకోండి

ఇంట్లో పెద్దవాళ్లు "రెండూ ఒకటే కదా" అంటే అది పట్టనితనం కాకపోవచ్చు. వయసుతో కంటి కటకం పసుపుబారి నీలి కిరణాలను అడ్డుకుంటుంది. నీలానికీ ఆకుపచ్చకూ మధ్య తేడా వారికి తగ్గిపోతుంది. ఎరుపు–ఆకుపచ్చ వర్ణాంధత్వం ఉన్నవారి సంగతి మరీ విచిత్రం. ఆ లోపం తీవ్రంగా ఉన్నవారికి నీలి ఆకుపచ్చ పట్టీలో ఒక చోట రంగే లేనట్టు, బూడిదలా కనిపిస్తుంది. ఇటువంటివారు గదిని వాడేటట్లయితే మొగ్గు మీద వాదన వృథా. వెలుతురు తేడా ఉన్న షేడును, చుట్టూ స్పష్టమైన తెలుపును ఇవ్వడమే వారికి మేలు.

తేల్చుకోవడం, కొనడం

ఇప్పటిదాకా రాసుకున్నదంతా ముందు పెట్టుకుని, ఆ గదిని మీరు ఎక్కువగా వాడే పూటకు పెద్దపీట వేయండి. పడకగది అయితే రాత్రి దీపం కింద కనిపించిన రంగే దాని రంగు. మధ్యాహ్నపు అందం అక్కడ ఎవరూ చూడరు. పగలు పనిచేసే గదికి ఇందుకు విరుద్ధం. ఆ పూట రెండూ సమానంగా నచ్చితే, మిగతా పూటల్లో తక్కువ మారేదాన్ని తీసుకోండి. అప్పటికీ తెగకపోతే నీలం, ఆకుపచ్చలను మరిచి, లేత–ముదురు వైపు తిరిగి వెళ్లండి: చిన్నది, వెలుతురు తక్కువున్నది అయిన గదికి సాధారణంగా లేతది నయమే. కానీ ఎలాగూ చీకటిగా ఉండే గదిని లేతరంగుతో వెలిగించాలని చూసి, చివరికి మురికి బూడిద తెచ్చుకోవడం కన్నా, దాన్ని ధైర్యంగా ముదురులోకి తీసుకెళ్లడమే ఒక్కోసారి బాగుంటుందని నా నమ్మకం.

రెండు రంగులనూ సగంసగం కలిపితే మధ్యేమార్గం దొరుకుతుందని ఆశపడకండి. ఆ పాళ్లను రేపు మరమ్మతుకు మళ్లీ తెచ్చుకోలేరు.

ముదురు షేడు ఎంచుకుంటే అది తెల్ల వర్ణకం తక్కువగా ఉన్న డీప్ బేస్ అనే మూల పెయింటులో కలుస్తుంది. అటువంటి పెయింటు కింది గోడను అంత తేలికగా కప్పదు. బూడిదఛాయ కలిపిన ప్రైమర్ వేయించండి, మూడో కోటుకు కూడా లెక్క వేసుకోండి. లేత షేడుకు తెల్ల ప్రైమర్, రెండు కోట్లు సాధారణంగా సరిపోతాయి. లప్పం పెట్టిన చోట్లు పెయింటును ఎక్కువగా పీల్చి మచ్చలుగా తేలతాయి కనుక ఏ షేడుకైనా వాటి మీద ప్రైమర్ తప్పదు.

గది మొత్తానికి సరిపడా పెయింటు ఒకేసారి, ఒకే బ్యాచిలో కలిపించండి. డబ్బాలు ఒకటికన్నా ఎక్కువైతే అన్నిటినీ పెద్ద బకెట్లో పోసి బాగా కలిపి, తిరిగి డబ్బాల్లో నింపుకోవాలి. లేకపోతే ఒక గోడ మధ్యలో డబ్బా మారిన చోట గీత కనిపిస్తుంది. మొదటి డబ్బా తెరవగానే నమూనా పలక మూల మీద కొంచెం రాసి, ఆరాక పాత రంగుతో కలిసిందో లేదో చూసిన తర్వాతే గోడ మొదలుపెట్టించండి. తేడా ఉంటే షాపుకు తిరిగి తీసుకెళ్లడానికి అదే సరైన సమయం. పని అయ్యాక మిగిలిన పెయింటును చిన్న గాలి చొరని డబ్బాలో పోసి, షేడ్ కోడ్, బేస్, మెరుపు రకం, కలిపించిన తేదీ దాని మీద రాసి, నమూనా పలక వెనుక కూడా అవే రాసి రెంటినీ కలిపి దాచండి.